లిబర్టీ వెండి బ్రోచ్‌ని చేతిపని అనొచ్చా?

కాకరపువ్వొత్తి: ఉండేది బర్మింగ్‌హామ్‌లో. ఇక్కడి పాత సామాన్ల సంతలో ఒక వెండి బ్రోచ్ చూశాను. మధ్యలో నీలం ఎనామెల్, ఒళ్లంతా సుత్తి దెబ్బల గుర్తులు. వెనక లంగరు ముద్ర (వెండిని పరీక్షించి బర్మింగ్‌హామ్‌లో వేసేది), లిబర్టీ కంపెనీ మార్కు ఉన్నాయి. అమ్మేవాడు ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ (యంత్రాల సరుకుకి ఎదురు నిలిచిన చేతిపని ఉద్యమం) కాలం నాటి చేతిపని అంటున్నాడు. నమ్మొచ్చా?

సానరాయి: వెండి కాబట్టి కొనండి, చేతిపని అని మాత్రం కొనకండి. లండన్ లిబర్టీ వాళ్లు 1899లో సిమ్రిక్ అనే పేరుతో ఈ సరుకు మొదలెట్టారు. ఎక్కువ భాగం మీ ఊళ్లోనే, హేస్లర్ ఫ్యాక్టరీలో తయారైంది. రేకును అచ్చు దిమ్మల మధ్య అదమడమే. ఆ సుత్తి గుర్తులు చాలావాటికి ఉత్త అలంకారం. అసలు చేతిపని ఆ ఉద్యమంలోని డిజైనర్ యాష్‌బీ పెట్టిన గిల్డ్‌ది, అంటే పనివాళ్ల సంఘానిది. 1888లో తూర్పు లండన్‌లో పెట్టాడు, 1902లో పనివాళ్లని పిల్లాజెల్లాతో సహా చిప్పింగ్ క్యాంప్‌డెన్ అనే పల్లెకి తీసుకెళ్లాడు. ఈ చవక సరుకు దెబ్బకి ఆరేళ్లలో మూతపడింది.

గోళీసోడా: ఫొటో పెట్టండి ముందు.

లంకెబిందె: అంతా లిబర్టీ మీదకే తోస్తే ఎలా సానరాయి గారూ? లండన్‌లో అయితే పని లేనప్పుడు పక్క వీధిలో ఇంకో కొలువు దొరికేది. పల్లెలో ఎక్కడ దొరుకుతుంది? కొనేవాళ్లూ దూరమయ్యారు.

సానరాయి: నేను మాట్లాడేది సుత్తి గుర్తుల గురించి.

లక్ష్మీకాసు: మోసం మోసమే. మా అమ్మాయి పెళ్లికి కరీంనగర్ తీగపని అని రెండు కుంకుమ భరిణెలు తీసుకున్నాం. మజూరీ విడిగా కట్టించుకున్నారు. ఇంటికొచ్చి పక్కపక్కన పెడితే రెండిటికీ ఒకే ఆకు మీద ఒకే చోట ఒకే సొట్ట! పోత సరుకు. ఆ పనికి 2007లోనే జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు) వచ్చింది, ఏం లాభం?

సానరాయి: నేననేదీ అదేనమ్మా. కమ్మెచ్చులో తీగ లాగాలి, రెండు పోగులు పురిపెట్టి నొక్కాలి, వంచాలి, వెలిగారం వేసి మాటు పెట్టాలి. అచ్చులోంచి తీసినదాన్ని ఎవడో ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దితే చేతిపనైపోతుందా?

లంకెబిందె: ఆ ఎవడో మా నాన్న. ముప్పై ఏళ్లు పోత పట్టీలకి ఆకురాయి పట్టాడు, మెరుగు పెట్టాడు. వేలిముద్రలు అరిగిపోయి రేషన్ షాపు మిషన్ ఆయన వేలు తీసుకునేది కాదు. అవి చేతులు కావా? ఆ హేస్లర్ ఫ్యాక్టరీలో అంచులు రాకినవాళ్లవి? సిమ్రిక్ డిజైన్లు ఎన్నో గీసిన ఆర్చిబాల్డ్ నాక్స్ పేరే లిబర్టీ బయటికి రానివ్వలేదు, ఇక రాకినవాడి ఊసెవరికి?

గోళీసోడా: అన్నా, కాస్త తగ్గండి ఇద్దరూ.

సానరాయి: మీ నాన్నగారిని అనలేదు. కానీ చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. ఆ పోత పట్టీలు మా ఊరి షాపులోకి వచ్చిన రెండేళ్లకి మా తాత కుంపటి ఆరిపోయింది. ఊదుగొట్టం ఇప్పటికీ అటక మీదే ఉంది. ఏది చేతిపనో, ఏది కాదో తేల్చకపోతే ఆయన ఎందుకు ఓడిపోయాడో నాకెవరు చెప్తారు?

లంకెబిందె: మా నాన్న గెలిచాడనుకుంటున్నారా? ఆయనకిచ్చింది కిలో లెక్కన.

లక్ష్మీకాసు: ఇంతకీ నా భరిణెలు వెనక్కి తీసుకుంటారంటారా?

కాకరపువ్వొత్తి: మళ్లీ వెళ్లి చూశాను. వెనక, పిన్ను మాటు పెట్టిన చోట, సన్నగా ఆకురాయి గీతలున్నాయి. 240 పౌండ్లంటున్నాడు. నాలుగింటికి సంత ఎత్తేస్తారు, త్వరగా చెప్పండి.

సానరాయి: పిన్ను తర్వాత మార్చిందేమో చూడండి.

లంకెబిందె: తీసుకోండి. ఆ గీతలు మాత్రం పాలిష్ చేయించకండి.