ఆడపిల్లల చదువు: రేడియో ముందా, బస్సు ముందా?

మంజీర తీరం:
మా మండల మహిళా సమాఖ్య ఒక సామాజిక రేడియో కేంద్రానికి, అంటే చుట్టుపక్కల ఊళ్ళ కోసం అక్కడివాళ్ళే నడుపుకునే చిన్న రేడియోకు, దరఖాస్తు పెట్టాలని ఆలోచిస్తున్నది. ఏడో తరగతి దాటిన ఆడపిల్లలు బడి మానకుండా చూడడమే ఆ కేంద్రానికి మొదటి పని కావాలన్నది నా ప్రతిపాదన. ఉన్న కొద్దిపాటి సొమ్మును రేడియో మీద పెట్టడం న్యాయమేనా అని గ్రామసభలో కొందరు గట్టిగా అడిగారు. అందుకే చర్చకు పెడుతున్నాను.

నా నమ్మకానికి ఆధారం దగ్గరలోనే ఉంది. జహీరాబాద్ పక్కన మాచ్‌నూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలుపెట్టింది. ఆకాశంలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పగా, ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్ గారే వచ్చి దాన్ని ప్రారంభించారు. స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతులు ఇవ్వాలన్న నిర్ణయం 2006 దాకా రాలేదు. అంతవరకూ ఆ ఆడవాళ్ళు ఊరికే కూర్చోకుండా, ఏళ్ళ తరబడి క్యాసెట్లలో తమ మాటలు రికార్డు చేసి సంఘం కూడినచోట వినిపించుకున్నారు. జొన్నల గురించి, విత్తనాల గురించి, పండుగల గురించి వాళ్ళు తమ యాసలోనే మాట్లాడతారు. పుస్తకంలోని భాష నోరు తిరగక తరగతిలో మౌనంగా ఉండిపోయే పిల్ల, తన పెద్దమ్మ మాట్లాడే మాటే రేడియోలో గౌరవంగా వినబడినప్పుడు, చదువు తన ఇంటికి పరాయిది కాదని అనుకుంటుందని నేను మనసారా నమ్ముతున్నాను.

నడిగడ్డ పంతులమ్మ:
తీరం గారూ, మీ ఆశను కాదనడానికి నాకు మనసొప్పడం లేదు, అయినా కాదనక తప్పదు. గద్వాల ప్రాంతంలో పదకొండేళ్ళుగా ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. మాది సీడు పత్తి, అంటే విత్తనం కోసం పెంచే పత్తి, పండే నేల. సాయంత్రం మొగ్గల రెక్కలు ఒలిచి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. దీన్ని క్రాసింగు అంటారు. చిన్న చేతులకైతే పని చురుగ్గా సాగుతుందనీ, ఆడపిల్లలైతే ఎదురు మాట్లాడరనీ, ఇంటివాళ్ళకు ముందే అడ్వాన్సు ఇచ్చి వాళ్ళనే తీసుకుపోతారు. ఆ పొద్దుటి పని వేళా, మా బడి ప్రార్థన వేళా ఒకటే. ఆగస్టు నుంచి హాజరు పట్టీలో ఆడపిల్లల వరుసల నిండా ఆబ్సెంటు గుర్తులే కనిపిస్తాయి.

ఒక ఏడాది ఎనిమిదో తరగతి పిల్ల దసరా దాటాక గానీ రాలేదు. వేళ్ళ కొసలు పగిలి, పెన్ను పట్టుకోలేక అరచేతిలో ఇరికించుకుని రాసింది. ఇంటికి వెళ్ళి తల్లిని అడిగితే, “సదువు మంచిదని నాకు తెల్వదా మేడమ్? తీసుకున్న అడ్వాన్సు నువ్వు కడ్తవా?” అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆ తల్లికి లేనిది అవగాహన కాదు, అప్పు తీర్చే దారి. చదువు గొప్పదని రోజూ సాయంత్రం రేడియోలో చెబితే ఆమెకు అది నిందలా వినిపిస్తుందే తప్ప సాయంగా తోచదు.

బస్సు సంగతి కూడా చెప్పాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. అది నిజంగా మేలు చేసింది. కానీ మా పక్క ఊరికి పొద్దున వచ్చే ఒకే ఒక్క బస్సు రెండో పీరియడు మొదలయ్యాక వస్తుంది. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ళ దాకానే రక్షణ ఇస్తుంది. సరిగ్గా ఆ వయసులోనే హైస్కూలు దూరమూ, పెళ్ళి మాటలూ, కూలి పనీ కలిసి పిల్ల మీద పడతాయి. సొమ్ము ఉంటే ముందు ఒక ఆటో మాట్లాడి పెట్టండి.

పెన్నా ఒడ్డు:
పంతులమ్మ గారు చెప్పిన బాధ ముమ్మాటికీ నిజం. అయినా మాట వల్ల ఏమీ కాదన్నట్టుగా తేల్చేయడం మా జిల్లా అనుభవానికి సరిపోదు. 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రి బడిలో చదివిన పాఠాల్లోంచే దూబగుంట ఊరి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించడానికి కదిలారు. ఆ కదలిక ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారా చెడ్డదని వాళ్ళకు పాఠం చదివాకే తెలిసిందా? ముందే తెలుసు. పదిమంది ఒకచోట కూర్చుని, ఎవరి ఇంటి గోడు వాళ్ళు బయటికి చెప్పుకోవడమే కొత్తగా జరిగింది.

కాబట్టి నా షరతు ఒక్కటే. ఎవరింట్లో వాళ్ళు విని కట్టేసే రేడియో వద్దు, కూడి వినే రేడియో కావాలి. 1956లో పూణే ఆకాశవాణి ఇలాంటి ప్రయత్నమే చేసింది. దాదాపు 150 పల్లెల్లో రైతులు బృందాలుగా కూర్చుని కార్యక్రమం విన్నారు, ఆ తర్వాత చర్చించుకుని తమ ప్రశ్నలను తిరిగి కేంద్రానికి పంపారు. మన దగ్గర పొదుపు సంఘాల సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి. ఒక అరగంట వాటికి జోడించవచ్చు.

సిగ్నలు:
సాంకేతికంగా రెండు మాటలు. అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లు కాబట్టి పది, పదిహేను కిలోమీటర్లకు మించి ఆశ పెట్టుకోకండి. కొత్త ఫోన్లు చాలావాటిలో ఎఫ్.ఎం. రావడం లేదు, వచ్చే కీప్యాడ్ ఫోను నాన్న జేబులో ఉంటుంది. పరికరాలు ఒకసారి కొంటే సరిపోతుంది, కానీ జీతాలూ కరెంటు బిల్లూ నెలనెలా కట్టాలి. మూడేళ్ళకు సరిపడా లెక్క వేసుకోకుండా మొదలుపెట్టవద్దు.

మంజీర తీరం:
అందరి మాటలూ రెండు రోజులు ఆలోచించాను. పంతులమ్మ గారూ, చదువు విలువ గురించి తల్లులకు బోధించే కార్యక్రమాన్ని నా ప్రతిపాదన నుంచి తీసేస్తున్నాను. అది మీరన్నట్టు నిందే అవుతుంది. దాని బదులు పనికొచ్చే సమాచారం చెబుతాము: కస్తూర్బా విద్యాలయాల్లో ప్రవేశాలకు దరఖాస్తు ఎప్పుడు, ఏ కాగితాలు కావాలి, మధ్యలో మానేసిన పిల్ల ఓపెన్ స్కూలులో పది ఎలా పూర్తి చేయవచ్చు, పెళ్ళి మాటలు నడుస్తుంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేస్తే ఏం జరుగుతుంది. సామాజిక రేడియో సొంతంగా వార్తలు తయారుచేసి ప్రసారం చేయకూడదన్న నిబంధన ఉన్నా, పరీక్షలు, ప్రవేశాల సమాచారానికి అది అడ్డు రాదు.

పెన్నా ఒడ్డు గారి షరతుకూ ఒప్పుకుంటున్నాను. అయితే నాకొక భయం పట్టుకున్నది. పదిహేను కిలోమీటర్ల లోపల అందరికీ అందరి గొంతులూ తెలుసు. ఒక పిల్ల తన కష్టం రేడియోలో చెప్పుకుంటే, పేరు దాచినా ఆ గొంతు ఎవరిదో తెల్లవారేసరికి ఊరంతా గుర్తుపడుతుంది. దగ్గరితనమే మన బలం అనుకున్నాను, అదే పిల్లకు ముప్పు కూడా కాగలదు. అందుకని పిల్లల కష్టాలు వాళ్ళ గొంతుతో ప్రసారం కావు. ఉత్తరంగా రాస్తే మరొకరు చదువుతారు, అదీ ఊరి ఆనవాళ్ళు తీసేశాకే.

నడిగడ్డ పంతులమ్మ:
ఆ జాగ్రత్త చదివాక మీ మీద నాకు నమ్మకం కుదిరింది. బస్సే ముందన్న మాటను ఇప్పటికీ వెనక్కి తీసుకోను, కానీ ఆ బస్సును అడగడానికి మీ రేడియోను వాడవచ్చునని ఒప్పుకుంటాను. డిపో మేనేజరును స్టూడియోకు పిలవండి, పొద్దుటి బస్సు గంట ముందుకు ఎందుకు జరగదో ఆయన నోటనే చెప్పించండి, ఇచ్చిన మాటను ప్రతి వారం గుర్తుచేయండి. తల్లులను కాదు, తండ్రులనూ, విత్తన కంపెనీల తరఫున సాగు చేయించే సీడు ఆర్గనైజర్లనూ మైకు ముందు కూర్చోబెట్టండి.

ఇంకొకటి. బడులు తెరిచే జూన్‌లో కార్యక్రమం మొదలుపెడదామని అందరూ అంటారు. మా దగ్గర అడ్వాన్సులు విత్తనం వేయకముందే, ఎండాకాలంలోనే చేతులు మారతాయి. జూన్ నాటికి పిల్ల ఎక్కడికి పోవాలో ఇంట్లో తేలిపోయి ఉంటుంది. మీరు మాట్లాడవలసింది ఏప్రిల్‌లో.