స్లీవ్ సర్జరీ అయ్యి ఐదు వారాలు: అన్నం తింటే నురగ వాంతి, జావ తాగితే చెమటలు, నాలుగు రోజులకోసారి మోషన్

కాకతీయ_కాలనీ

నమస్తే. మా వదినకు 42 ఏండ్లు. హైదరాబాద్‌ల స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి పొట్టను చిన్నగ చేసే ఆపరేషన్) అయ్యి ఐదు వారాలయింది, ఇప్పుడు హన్మకొండల మా దగ్గరనే ఉంది. మిక్సీ పట్టినవి ఇచ్చినన్ని రోజులు ఏ ఇబ్బంది లేదు. మెత్తని తిండి మొదలుపెట్టినంక తిప్పలు మొదలైనయి.

మధ్యాహ్నం పప్పన్నం నాలుగైదు బుక్కలు తినంగనే రొమ్ము నడుమ పట్టేసినట్టయి, నోట్లె నీళ్లూరి, తెల్లటి నురగ కక్కుతాంది. పొద్దున బెల్లం వేసిన రాగి జావ ఒక గ్లాసు తాగితే ఇరవై నిమిషాలకు చెమటలు, గుండె దడ, ఆ వెంటనే నీళ్ల విరేచనం. అది తప్పిస్తే మళ్ల నాలుగు రోజులదాకా మోషనే లేదు, వచ్చినా గట్టిగ వస్తాంది. మందులు: పాంటాప్రజోల్ 40, ఉర్సో 300 రెండు పూటలు, ఐరన్, కాల్షియం, మల్టీవిటమిన్. షుగర్, బీపీ లేవు.

ఇందుల ఎంతవరకు మామూలు? ఇంట్ల ఏం మార్చాలె? ఎప్పుడు హైదరాబాద్ పోవాలె?

డైటీషియన్_నక్కలగుట్ట

ముందు గడియారం చూడండి. తిన్న ఎంతసేపటికి బాధ మొదలైందో తెలిస్తే సగం కారణం తెలిసినట్టే. మింగిన ఒకటి రెండు నిమిషాల్లో పట్టేస్తే తిండి ఇరుక్కుంది. పది నిమిషాల నుంచి గంటలోపు చెమట, దడ, విరేచనం వస్తే అది డంపింగ్, అంటే తిన్నది ఒక్కసారిగా చిన్నపేగులోకి దూకడం. గంట దాటి మూడు గంటలలోపు వణుకు, ఆకలి, కళ్లు తిరగడం ఉంటే రక్తంలో షుగర్ పడిపోతోంది. పడుకున్నాక గొంతులోకి పుల్లగా వస్తే యాసిడ్. మీ వదినగారికి మొదటి రెండూ ఉన్నాయి, వాటి మందు వేర్వేరు.

అన్నం సంగతి. ఈ ఆపరేషన్‌లో పొట్టలో సుమారు 80 శాతం తీసేస్తారు. మిగిలేది సన్నని గొట్టం, 100 నుంచి 150 మి.లీ. పడుతుంది. సాగే భాగమే పోయింది కాబట్టి తొందరగా దిగిన బుక్కకు పక్కకు జరిగే చోటుండదు. అన్నం ఎంత మెత్తగా వండినా మెతుకులు లోపల ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. ఆ ముద్ద దిగదు, దాన్ని దించడానికి శరీరం లాలాజలం ఊరిస్తూ పోతుంది. మీరు చూసే నురగ అదే, పైత్యం కాదు. చికెన్ బ్రెస్ట్, బ్రెడ్, ఆరిపోయిన రొట్టె కూడా ఇట్లాగే చేస్తాయి.

ఇరుక్కున్నప్పుడు అందరూ చేసే తప్పు నీళ్లు తాగించడం. కింద మూసుకున్న గొట్టంలో నీళ్లు పోస్తే పైకే వస్తాయి. తినడం ఆపి, నిలబెట్టి, ఇంట్లోనే మెల్లగా నడిపించండి. సర్దుకున్నాక ఆ పూట ఇంకేమీ పెట్టకండి. తర్వాతి 24 గంటలు పలచటివే ఇచ్చి, మళ్లీ మిక్సీ పట్టిన తిండి దగ్గర మొదలుపెట్టండి.

అన్నం ఇంకో నెల పక్కన పెట్టండి. పెసరపప్పు చిక్కగా మెదిపి, గుడ్డు మెత్తగా ఆవిరి మీద, పెరుగు, తురిమిన పనీర్, ఉడికించిన చేప. చేపల్లో కొర్రమట్ట మంచిది, సన్న ముళ్లు తక్కువ. ఉప్పు, పసుపు, కాస్త అల్లం చాలు. కారం, చింతపండు పులుసు ఇప్పుడొద్దు. రోజుకు ప్రోటీన్ కనీసం 60 గ్రాములు. రెండు గుడ్లకు 12, చేప 75 గ్రాములకు 14, పావుకిలోలోపు పెరుగుకు ఏడు, 30 గ్రాముల పెసరపప్పుకు ఏడు. మిగతా 20 ప్రోటీన్ పౌడర్ నుంచి రావలసిందే, తిండితోనే నింపుదామని కుక్కితే మళ్లీ వాంతులు.

పెద్ద చెంచా దాచేసి టీస్పూన్ ఇవ్వండి. ఒక స్పూన్ నోట్లో పెట్టుకోవాలి, స్పూన్ కింద పెట్టాలి, 20 సార్లకు తక్కువ కాకుండా నమలాలి, ఫోన్‌లో నిమిషం అయ్యాక రెండోది. పదిహేను స్పూన్లు దాటొద్దు, అరగంట దాటొద్దు. ముక్కు కారడం, ఒక ఎక్కిలి, ఉన్నట్టుండి ఒక తేపు, ఇవి కడుపు నిండిందన్న గుర్తులు. చాలామందికి ఆ తర్వాతి ఒక్క స్పూనే వాంతి తెప్పిస్తుంది. 'ఇంకొక్క బుక్క తిను బిడ్డా' అనే పెద్దలకు ఇది ముందే చెప్పాలి.

నీళ్లు తిండితో కలవొద్దు. తినడానికి అరగంట ముందు ఆపి, తిన్న అరగంట తర్వాత మొదలుపెట్టాలి. పొద్దున్నే అర లీటర్ సీసాలు మూడు నింపి ఎదురుగా పెట్టండి, గుక్క గుక్కగా రాత్రికి ఖాళీ కావాలి. స్ట్రా వద్దు, సోడా వద్దు, రెండూ గాలి నింపుతాయి.

ఇక జావ. బెల్లం ఆరోగ్యమే కదా అంటారు గాని పేగుకు బెల్లం, చక్కెర ఒకటే. తియ్యటి పలచటి జావ పొట్టలో ఆగకుండా చిన్నపేగులోకి ఒక్కసారిగా దూకుతుంది. అంత గాఢమైన ద్రవాన్ని పలచన చేయడానికి పేగు రక్తంలోంచి నీళ్లు లాక్కుంటుంది, అందుకే దడ, చెమట, విరేచనం. బెల్లం మానేసి, జావ కాస్త చిక్కగా కాచి, ఉప్పు, సల్ల కలిపి, అర గ్లాసు ఇరవై నిమిషాల్లో తాగించండి. అంతకుముందు గుడ్డు పెడితే ఇంకా మంచిది. దడ వచ్చినప్పుడు అరగంట పడుకోబెట్టండి, దానంతట అదే దిగుతుంది.

ఫార్మసీ_ములుగురోడ్

మలబద్ధకం గురించి. తిండే ఇంత తక్కువైనప్పుడు రెండు మూడు రోజులకోసారి మోషన్ వస్తే రోగం కాదు. గట్టిగ రావడమే సమస్య. నీళ్లు తక్కువ, పీచు తక్కువ, పైన ఐరన్. ఇసబ్‌గోల్ మాత్రం ఇప్పుడు ఇయ్యొద్దు: నీళ్లు సరిపోకపోతే సన్నని గొట్టంలనే ఉబ్బి కూసుంటది. సునాముఖి చూర్ణాలు, ఆముదం కూడా వద్దు, తీవ్రంగా మెలిపెట్టి నీళ్లు పోగొడ్తయి. సర్జన్‌ను అడిగి రాత్రి లాక్టులోజ్ 15 మి.లీ. మొదలుపెట్టొచ్చు. దాంతో గ్యాస్ ఎక్కువైతే పాలీఇథిలిన్ గ్లైకాల్ పౌడర్ అడగండి, ఒక మోతాదు కలిపిన నీళ్లను గంటసేపు గుక్కలుగ తాగాలె.

ఐరన్, కాల్షియం కలిపి వేస్తున్నరా? రెంటి మధ్య రెండు గంటలు ఉండాలె, లేకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. ఐరన్‌తో మోషన్ నల్లగ రావడం మామూలే. కాని తారులెక్క జిగటగ, ఘాటైన వాసనతో వస్తే అది లోపల రక్తం, ఆగొద్దు. పాంటాప్రజోల్ గోలీ పొడి చేసి ఇయ్యకండి. యాసిడ్‌ల కరగకుండ పైన పూత ఉంటది, నలిపితే పని చెయ్యదు. పొద్దున తిండికి అరగంట ముందు వెయ్యాలె. ఉర్సో గ్యాస్ గోలీ కాదు, బరువు తొందరగ తగ్గేటప్పుడు పిత్తాశయంల రాళ్లు కాకుండ ఇస్తరు. గ్యాస్ తగ్గిందని దాన్ని ఆపొద్దు, మామూలుగ ఆరు నెలలు వాడమంటరు.

నొప్పికి పారాసెటమాల్ తప్ప ఇంకోటి వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ పుండ్లు చేస్తయి. కొన్ని స్ట్రిప్‌ల మీద పారాసెటమాల్ అని పెద్దగ ఉన్నా దాని పక్కన చిన్న అక్షరాల అసిక్లోఫెనాక్ ఉంటది, చదివి తీసుకోండి. ఓఆర్‌ఎస్ కొంటే లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉన్న ప్యాకెట్ పొడి కొనండి. జ్యూస్ డబ్బాలెక్క అమ్మే తియ్యటివాటితో మళ్ల డంపింగే.

కాకతీయ_కాలనీ

చాలా థాంక్స్. ఐరన్, కాల్షియం ఒకేసారి వేస్తున్నం, ఇయ్యాల్టి నుంచి మారుస్తం. వాంతులు ఆరు రోజుల నుంచి రోజుకు రెండుసార్లు. మూత్రం రోజుకు మూడుసార్లు, ముదురు పసుపు. నీరసంగ ఉందని మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కియ్యమంటున్నరు ఇంట్ల.

స్టాఫ్‌నర్స్_కాజీపేట

దయచేసి ఆ బాటిల్ ఎక్కించకండి. ఇది అందరూ చదవాలి.

ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, నిల్వ రెండు మూడు వారాలకే. తిండి తగ్గి, పైన వాంతులుంటే అది అడుగంటుతుంది. గ్లూకోజ్‌ను శరీరం వాడుకోవాలంటే బీ1 కావాలి. ఆ స్థితిలో ఉట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనిపించడం, కళ్లు అదురుతూ కదలడం, నడిస్తే తూలడం, మాట తికమక కావడం దాని గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు. ఏ ఆసుపత్రికి పోయినా ముందే చెప్పండి: 'స్లీవ్ అయింది, ఆరు రోజులుగా వాంతులు, గ్లూకోజ్‌కు ముందు థయమిన్ ఇంజెక్షన్ కావాలి.' నీళ్లు తగ్గినందుకు నార్మల్ సెలైన్ పెడతారు.

రోజూ వాంతి కావడాన్ని స్లీవ్ తర్వాత మామూలే అనుకోకండి. తినే తీరు వల్ల అయితే పలచటి తిండికి మారిన 24 గంటల్లో ఆగాలి. ఆగకపోతే గొట్టం మధ్యలో సన్నబడి ఉండొచ్చు. దాన్ని ఎండోస్కోపీలో చూసి, చాలాసార్లు బెలూన్‌తోనే వెడల్పు చేస్తారు. కాబట్టి పలచటివాటికి మార్చండి, సర్జన్‌కు మాత్రం ఇవాళే ఫోన్ చేయండి, రేపటిదాకా చూడొద్దు.

కూర్చున్నప్పుడు నాడి 120 దాటినా, జ్వరం వచ్చినా, కడుపునొప్పి ఎడమ భుజానికి పాకినా, గుక్క నీళ్లు కూడా నిలవకపోయినా, లోపల కుట్లు లీకవుతున్నాయేమో చూడాలి. అప్పుడు కారెక్కి 145 కిలోమీటర్లు హైదరాబాద్ బయలుదేరొద్దు. 108కు ఫోన్ చేసి ముందు వరంగల్‌లోనే ఎంజీఎం గాని, దగ్గర్లోని పెద్దాసుపత్రి గాని చేరండి. సర్జన్‌ను అక్కడి డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడించండి. డిశ్చార్జ్ సమ్మరీ ఫోటో ఇంట్లో ముగ్గురి ఫోన్లలో ఉండాలి.

కాకతీయ_కాలనీ

సర్జన్‌తో మాట్లాడినం. రేపు పొద్దున రమ్మన్నరు, బీ1 ఇంజెక్షన్ మాత్రం ఇయ్యాల ఇక్కడనే చేయించమన్నరు, పోతున్నం. ఒక్క మాట: రెండు వారాలకు సద్దుల బతుకమ్మ. మలీద, సత్తు పిండి కొంచెం రుచి చూడొచ్చా అని అడుగుతాంది.

డైటీషియన్_నక్కలగుట్ట

మలీద వద్దు, రొట్టె ముక్కలు ఇరుక్కుంటాయి, బెల్లం డంపింగ్ తెస్తుంది. రెండు బాధలూ ఒకే ముద్దలో. సత్తు పిండి పొడిగా ఉండి గొంతు దగ్గరే పట్టుకుంటుంది, అదీ వద్దు. ఎండోస్కోపీలో అంతా బాగుందంటే పెరుగు సద్దిలో మెతుకులు పక్కకు తీసి, తాలింపు గింజలు లేకుండా పెరుగు నాలుగు స్పూన్లు ఇవ్వండి. ఆడొచ్చు, మధ్యమధ్యలో కూర్చుంటూ, పక్కన నీళ్ల సీసా పెట్టుకుని. నిండు బతుకమ్మను చెరువు దాకా మోసే పని మాత్రం ఈసారి మీరు తీసుకోండి.