సొంత జాగా లేని కిరాయిదారుకు పాలమూరులో ఇల్లు ఎలా?

పాలమూరు పౌరుడు:
మహబూబ్‌నగర్ వంటి పట్టణంలో పేదల ఇళ్లకు కేటాయించే సొమ్ము ఏ దారిలో ఖర్చు కావాలి? తెలంగాణలో 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం పథకంలో ప్రభుత్వమే 560 చదరపు అడుగుల ఇల్లు కట్టించి ఉచితంగా ఇచ్చింది. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో, సొంత జాగాలో కట్టుకునేవారికి 5 లక్షల రూపాయలు విడతలవారీగా ఇస్తున్నారు. నేను రెండోదాని పక్షం. తన ఇంటి పునాదిని దగ్గరుండి వేయించుకునే మనిషికి ఉండే శ్రద్ధ గుత్తేదారుకు ఉండదు.

మెట్టుగడ్డ వాసి:
పౌరుడు గారూ, పల్లెకు మీ మాట సరిపోతుంది. పాత ఇంటి జాగా ఉన్న కుటుంబానికి ఆ 5 లక్షలు నిజంగా ఆసరా. పట్టణంలో మాత్రం, అడ్డా మీద పని కోసం నిలబడే కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, పిల్లల చదువు కోసం మక్తల్, నారాయణపేట వైపు నుంచి వచ్చి ఒక్క గదిలో కిరాయికి ఉంటున్నవారు, వీరిలో చాలామందికి గజం జాగా కూడా లేదు. జాగానే అర్హతగా పెడితే, అందరికంటే అవసరం ఉన్నవారే దరఖాస్తు దగ్గర ఆగిపోతారు.

అలాగని ఊరి బయట బ్లాకులు కట్టి పట్టాలు పంచడమే మార్గమని నేను అనను. దివిటిపల్లి దగ్గర డబుల్ బెడ్‌రూం ఇళ్లు వచ్చాయి. కానీ పొద్దున్నే పట్టణంలోని అడ్డాకు చేరవలసిన కూలీకి రానుపోను ఆటో ఖర్చు ఆ రోజు కూలిలోంచే పోతుంది.

నేను కోరేది వేరు. గృహనిర్మాణ సంస్థ పట్టణం నడుమనున్న ప్రభుత్వ స్థలాల్లో ఇళ్లు కట్టి, వాటిని తన పేరిటే ఉంచుకుని, ఆదాయానికి తగిన కిరాయికి ఇవ్వాలి. ఒక కుటుంబం నిలదొక్కుకుని వెళ్లాక అదే ఇల్లు మరొకరికి అక్కరకొస్తుంది. ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్లను 25 ఏళ్లపాటు కిరాయికి నడిపే పద్ధతిని కేంద్రం 2020లోనే తెచ్చింది; చండీగఢ్, సూరత్‌లలో అలాంటి ఇళ్లు వాడుకలోకి వచ్చాయి.

నల్లగొండ ఇంజినీరు:
వాసి గారూ, కిరాయి వసూలు చేసేదెవరు? ఎన్నికలు రాగానే బకాయిలు మాఫీ అంటారు. ఆ తరువాత మోటారు కాలిపోయినా, సెప్టిక్ ట్యాంకు నిండినా బాగుచేయించడానికి పైసా ఉండదు.

మెట్టుగడ్డ వాసి:
మీ భయం సరైనదే, ఇంజినీరు గారూ. అయితే పట్టాలిచ్చిన బ్లాకుల్లోనూ మెట్లు, పైకప్పు, నీళ్ల ట్యాంకు ఉమ్మడివే, పైగా అక్కడ అడగడానికి యజమాని అంటూ ఒకరు ఉండరు. అందువల్ల కిరాయిలో కొంత భాగాన్ని మరమ్మతుల ఖాతాలో విడిగా జమచేసి, ఆ ఖాతాను మున్సిపల్ కార్పొరేషన్, నివాసుల సంఘం కలిసి నడపాలి. బకాయిలు మాఫీ చేస్తే ఆ మొత్తాన్ని ప్రభుత్వమే సంస్థకు చెల్లించాలన్న నియమాన్ని ముందే రాసుకోవాలి. వీటన్నిటికంటే ముందుగా, బస్టాండుకు, ప్రభుత్వ ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉన్న ప్రభుత్వ జాగాల జాబితాను బయటపెట్టమని మనం కార్పొరేషన్‌ను అడగాలి.