వెండి పూత క్యాథెటర్ చుట్టూ వలయం రాలేదు: పూత పనిచేయనట్టేనా?

ప్రశ్న (అమలాపురం, ల్యాబ్ టెక్నీషియన్)
నమస్కారమండి. వెండి పూత, నైట్రోఫ్యూరజోన్ (బాక్టీరియాను చంపే మందు) పూత ఉన్న మూత్రపు క్యాథెటర్లను ముక్కలుగా కోసి, ఈ.కోలై బాక్టీరియా పరచిన ముల్లర్-హింటన్ అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) ప్లేటు మీద ఒక రాత్రి ఉంచాను. నైట్రోఫ్యూరజోన్ ముక్క చుట్టూ బాక్టీరియా పెరగని వలయం స్పష్టంగా వచ్చింది, వెండి ముక్క చుట్టూ దాదాపు ఏమీ లేదు. వెండి పూత పనిచేయదని రాసివ్వవచ్చా? రోగి నుంచి తీసిన క్యాథెటర్ కొసను కల్చర్ చేస్తే ఇన్‌ఫెక్షన్ ఉన్నదీ లేనిదీ తేలుతుందా?

జవాబు (కాకినాడ, మైక్రోబయాలజీ పీజీ)
అలా రాయకండి. వలయం చెప్పేది మందు అగార్‌లో ఎంత దూరం పాకిందన్నదే గాని, గొట్టం ఉపరితలానికి బాక్టీరియా అంటుకుందా లేదా అన్నది కాదు. వెండి అయాన్లను క్లోరైడు, ప్రోటీన్లు పట్టేసుకుంటాయి కనుక అవి దూరం పోలేవు. పూత ఉన్న ముక్కను, అదే సైజు పూత లేని ముక్కను బాక్టీరియా కలిపిన కృత్రిమ మూత్రంలో కొన్ని రోజులు ఉంచి, కడిగి, అంటుకున్నవాటిని సోనికేటర్‌తో (ధ్వని తరంగాలతో కదిలించే పరికరం) ఒక ద్రవంలోకి ఊడగొట్టి లెక్కించండి. ఊడగొట్టే ఆ ద్రవంలో వెండి ప్రభావాన్ని ఆపే సోడియం థయోగ్లైకొలేట్ కలపడం మరవకండి, లేకపోతే వెంట వచ్చిన వెండి ప్లేటు మీద కూడా బాక్టీరియాను అణచివేసి, పూత నిజంగా పనిచేసే దానికంటే గొప్పగా కనిపిస్తుంది. థయోగ్లైకొలేట్ తానే బాక్టీరియాను చంపడం లేదని విడిగా చూసుకోవాలి. ప్రోటియస్ మిరాబిలిస్ అనే బాక్టీరియాతోనూ చేయండి, గొట్టంలో గార కట్టించి మూసేసేది అదే.

జవాబు (రాజోలు)
ముక్కలను దేనితో కడిగారండి? మా వైపు బోరు నీరు ఉప్పన, సెలైన్ సరేసరి, రెండింటిలోనూ క్లోరైడే.

జవాబు (రాజమహేంద్రవరం, వైద్యుడు)
మూత్రపు క్యాథెటర్ కొసను కల్చర్ చేయకూడదు. బయటికి లాగేటప్పుడు మూత్రనాళంలోని బాక్టీరియా దానికి ఎలాగూ అంటుతుంది. డెన్నిస్ మాకి అనే వైద్యుడు 1977లో చెప్పిన పద్ధతి, అంటే 5 సెంటీమీటర్ల కొసను రక్తపు అగార్ మీద దొర్లించి 15 లేదా అంతకంటే ఎక్కువ కాలనీలు (బాక్టీరియా గుంపులు) వస్తే లెక్కలోకి తీసుకోవడం, సిరలో పెట్టే క్యాథెటర్లకు సంబంధించినది, అదీ గొట్టం బయటి వైపు సంగతే చెబుతుంది. మూత్రపు గొట్టం విషయంలో జ్వరం వంటి లక్షణాలతో పాటు, మూత్రం చేరే సంచి నుంచి కాక శాంపిల్ పోర్టు (గొట్టానికి ఉండే నమూనా తీసే చోటు) నుంచి తీసిన మూత్రం కల్చర్ ముఖ్యం. ల్యాబులో నెగ్గిన పూత వార్డులో నెగ్గాలని కూడా లేదు: బ్రిటన్‌లో 2012లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో కొద్ది రోజుల వాడకానికి వెండి పూత లక్షణాలున్న ఇన్‌ఫెక్షన్లను తగ్గించలేదు.

ప్రశ్న వేసినవారు
సెలైన్‌తోనే కడిగానండి. పూత లేని ముక్కతో కలిపి మళ్లీ మొదలుపెడతాను. వార్డు నుంచి మాకు ఇన్నాళ్లూ సంచి మూత్రమే వస్తోంది. ముందుగా ఆ డబ్బాలను వెనక్కి పంపిస్తాను.