జియోఫేగస్ చేపలకి ఇసుక తప్పనిసరా, ట్యాంక్ అడుగు ఖాళీగా ఉంచొచ్చా?

బలగ కుర్రాడు, శ్రీకాకుళం:
నాలుగడుగుల ట్యాంక్‌లో ఐదు జియోఫేగస్ పిల్లల్ని వేశాను. ఇసుకలో చెత్త పట్టి నీళ్లు పాడవుతాయి, అడుగున ఏమీ వేయొద్దని షాపులో అన్న చెప్పాడు. కానీ ఇవి రోజంతా గాజు అడుగుని మూతితో పొడుస్తూనే ఉన్నాయి. చూస్తుంటే మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కోట జంక్షన్, విజయనగరం:
షాపు అన్న మాట నిజమే తమ్ముడూ. చెత్త కుళ్లి నీళ్లలో చేరే నైట్రేట్ పెరిగితే ఈ చేపలు ఓర్చుకోలేవు, తలమీద గుంటలు పడతాయి. నాది రెండేళ్లుగా ఖాళీ అడుగే. సైఫన్ గొట్టం పెట్టి లాగితే పది నిమిషాల్లో చెత్తంతా పోతుంది. అంతకుముందు ఇసుక లాగి నా ఫిల్టర్ మోటారు పాడైంది. ముందు బతకాలి, ముచ్చట తర్వాత.

పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం:
ముచ్చట కాదండీ, అవి తిండి తినే తీరే అది. జియోఫేగస్ అంటేనే గ్రీకులో మట్టి తినేది అని. మా ఇంట్లో లైటు వేయగానే ఒకటి తల వంచి, నోటినిండా ఇసుక తీసుకుని, నాలుగైదుసార్లు నములుతుంది. తిండి నలుసు నోట్లో ఉండిపోతుంది, ఇసుక రెండు మొప్పల వెంట సన్నటి ధారలా జారిపోతుంది. అమ్మ చేటలో బియ్యం ఏరినట్టే ఉంటుంది. ఆ పని లేకుండా చేస్తే అది బతుకేనా? ఇసుక ఒకటిన్నర అంగుళం మందం చాలు. అవే తిరగేస్తుంటాయి కాబట్టి చెత్త పైనే తేలుతుంది. ఫిల్టర్ నోరు అడుగుకి జానెడు ఎత్తులో పెట్టండి. వారానికి సగం నీళ్లు మార్చడం ఎలాగూ తప్పదు.

బలగ కుర్రాడు:
కళింగపట్నం బీచ్ ఇసుక తేనా అన్నా?

పాలకొండ రోడ్డు:
వద్దు తమ్ముడూ. అందులో గవ్వల పొడి ఉంటుంది, సున్నం కలిసి నీళ్ల కాఠిన్యం (హార్డ్‌నెస్) పెరుగుతుంది. ఇవి అమెజాన్ వైపు సున్నం తక్కువున్న నీళ్ల చేపలు. పైగా మన తీరంలో గార్నెట్, ఇల్మనైట్ లాంటి ఖనిజాలు కలిసి ఉంటాయి. నాగావళి ఇసుక ఇల్లు కట్టేచోట అడిగితే ఒక బకెట్ ఇస్తారు. సన్న జల్లెడ పట్టి, తేట నీళ్లు వచ్చేదాకా కడుగు. రెండు చుక్కల వెనిగర్ వేసి చూడు, నురగొస్తే సున్నం ఉన్నట్టే, పారేయి. గులకరాళ్లు మాత్రం వద్దు, నోట్లో ఇరుక్కుంటాయి.

కోట జంక్షన్:
మొత్తం అడుగంతా అంటే నేనిప్పటికీ ఒప్పుకోను. ఒక ట్రేలో ఇసుక పోసి పెట్టు, కడగాలంటే బయటికి తీయొచ్చు. ఇంకోమాట, పెద్దయితే కొన్ని రకాలు 8 అంగుళాలు దాటుతాయి, ఐదింటికి నాలుగడుగులు చాలవు.

బలగ కుర్రాడు:
ముందు ట్రే పెట్టాను. పది నిమిషాలు దూరంగా ఉన్నాయి. తర్వాత చిన్నది వచ్చి మూతి దించింది, మొప్పల్లోంచి ఇసుక రాలింది. మిగతా నాలుగూ దాని వెనకే వచ్చేశాయి. ఆదివారం అడుగంతా పరుస్తున్నాను.