రెనెట్ ఆపిల్: జాతి పేరా, ఉత్త బిరుదా?

లియోన్ వాసి:
ఇక్కడి సంతలో నిన్న రెండు రకాల ఆపిళ్లు కొన్నాను. ఒకటి కెనడా రెనెట్. పాత ఫ్రెంచి రకం. తొక్క అచ్చం సపోటాలా గోధుమరంగులో ఉంది, వేలితో రుద్దితే గరుకు. రెండోది రెన్ దె రెనెట్. పసుపు మీద ఎర్ర చారలు, నున్నటి తొక్క. రెండూ రెనెట్లేనట! ఏ పోలిక చూసి ఒకే గుంపులో వేశారు?

పుల్లటి మాట:
పోలికా పాడా! ఆ పేరు ఎక్కడ పుట్టిందో కూడా తేలలేదు. ఫ్రెంచిలో 'చిన్న రాణి' అని కొందరు, మచ్చల తొక్కను చూసి చెట్టుకప్ప పేరు పెట్టారని ఇంకొందరు. జర్మనీలో డీల్ అనే వైద్యుడు 1799 నుంచి ఆపిళ్లను తరగతులుగా విడదీస్తూ పుస్తకాలు వేశాడు. రెనెట్లన్నిటినీ ఒక తరగతిలో పెట్టి, మళ్లీ దాన్నే ఒకే రంగువి, ఎర్రవి, బూడిదరంగువి, బంగారు రంగువి అని చీల్చుకోవాల్సి వచ్చింది. నన్నడిగితే అది బిరుదే.

నూజివీడు అల్లుడు:
తొందరపడకండి. చిన్నరసం, పెద్దరసం ఒక్క తల్లి బిడ్డలేనా అని ఎవరైనా అడిగి తింటున్నారా? పిండుకుని జుర్రుకునేవి కాబట్టి రసాలు. రెనెట్ కూడా అలాంటి పేరే. కండ సన్నగా, బిగువుగా ఉండాలి, తీపికి దీటుగా పులుపుండాలి, కోశాక కొన్నాళ్లు ఆగితే రుచి పెరగాలి. వంశం చూడరు, నాలుకకు తెలిస్తే చాలు.

పుల్లటి మాట:
నాలుక సరే, నిల్వ మాటేమిటి? రెనెట్లు చలికాలమంతా ఆగుతాయంటారు. గరుకు తొక్క అంటే పైపొర పగిలిన చోట కట్టిన బెరడు. అందులోంచి నీరు ఆవిరైపోతుంది. మా అటక మీద పెట్టిన కెనడా రెనెట్లు సంక్రాంతికల్లా ముసలమ్మ బుగ్గల్లా తయారయ్యాయి.

నూజివీడు అల్లుడు:
ముడతలు పడ్డాయి, కుళ్లలేదు కదా! కొరికి చూశారా?

పుల్లటి మాట:
చూశాను. తియ్యగానే ఉన్నాయి. అది వేరే సంగతి.

లియోన్ వాసి:
ఈ పూట రెండింటినీ వెన్న, చక్కెర వేసి పెనం మీద మగ్గించాను. చారల పండు ముక్కలు ముక్కలుగానే నిలిచాయి. కెనడా కరిగి గుజ్జయింది. అల్లుడుగారూ, వంటలో కూడా ఈ రెండిటికీ పొత్తు కుదరలేదు.

నూజివీడు అల్లుడు:
ఆ గుజ్జులో పులుపు తగిలిందా, లేదా? అది చెప్పండి ముందు.

లియోన్ వాసి:
తగిలింది. రెండింటిలోనూ.