రాస్ప్‌బెర్రీ పై మీద విస్పర్: ఆరు రోజులైంది, ఒక్కరికీ వినపడలేదు

వశిష్ఠగట్టు:

నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర, వశిష్ఠ గట్టు పక్కనున్న ఊరు. హామ్ రేడియో లైసెన్సు వచ్చి నాలుగు నెలలైంది. రిగ్, అంటే పంపే రేడియో సెట్టు, కొనే స్తోమత ఇప్పట్లో లేదు. కాలేజీ ప్రాజెక్టుకి కొన్న రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ అటక మీద ఉంటే దింపి, దాంతోనే విస్పర్ (WSPR) పంపుతున్నాను. అంటే చాలా తక్కువ పవర్‌తో మన కాల్‌సైన్ పంపితే, విన్న స్టేషన్లు ఆ సంగతి నెట్‌లో మ్యాప్ మీద పెట్టే పద్ధతి. ఏడో పిన్ను, అంటే జీపీఐఓ 4 నుంచి నేరుగా 14.0971 మెగాహెర్ట్జ్. పవర్ 10 మిల్లీవాట్లు.

యాంటెన్నా డైపోల్, అంటే మధ్య నుంచి రెండు వైపులకీ చాచిన తీగ. ఒక్కో వైపు 5 మీటర్ల 7 సెంటీమీటర్లు. పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టాను. దింపు తీయడానికి వచ్చినాయన్ని బతిమాలి పైన నైలాన్ తాడు వేయించాను. పిన్నుకీ తీగకీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి ఉంది. ఫిల్టర్ ఇంకా పెట్టలేదు, సామాన్లు రావాలి.

సోమవారం నుంచి ఇవాళ శనివారం దాకా మ్యాప్‌లో నా కాల్‌సైన్ ఒక్కసారి కూడా రాలేదు. సిగ్నల్ రావట్లేదా అంటే వస్తోంది. ఫ్రెండ్ దగ్గర ఇలాంటి సిగ్నల్ ఈలలా వినిపించే ఎస్‌ఎస్‌బీ ఉన్న చిన్న రేడియో తెచ్చి మొన్న రాత్రి పదకొండింటికి విన్నాను. సరిగ్గా సరి నిమిషానికి సన్నటి ఈల మొదలైంది. చెవి ఆనిస్తే లోపల చిన్నగా వణుకుతున్నట్టుంది. రెండు నిమిషాలకి కొంచెం ముందు ఆగింది. ఆ ఈల వింటుంటే ఒళ్లు పులకరించిందండి.

నేను మొబైల్ షాపులో పనిచేస్తాను. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే రాత్రి పదిన్నరకి వస్తాను. ఇంట్లో నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాటే. కరెంటు పోయి వచ్చినా ప్రోగ్రాం దానంతటదే మొదలయ్యేలా పెట్టాను. మనం ఉన్న చోటు చెప్పే కోడ్, అదే లొకేటర్, ఎన్‌కే 16 అని ఇచ్చాను.

పవర్ చాలట్లేదా? చిన్న యాంప్లిఫయర్ పెట్టమంటారా? సలహా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

చెరువుగట్టు, భీమవరం:

మా వైపు రొయ్యల చెరువుల ఏరియేటర్లు తిరుగుతుంటే రిసీవర్లో హోరు తప్ప ఇంకేం వినపడదు. కానీ అది మనం వినడానికే అడ్డం, పంపడానికి కాదు. నీ సిగ్నల్ వినాల్సినవాళ్లు ఎక్కడో ప్రశాంతంగా ఉన్న చోట కూర్చుని ఉంటారు. కాబట్టి చుట్టుపక్కల గోల గురించి దిగులు పడకు. డైపోల్ ఎత్తు ఎంతో చెప్పు.

ముమ్మిడివరం మాష్టారు:

తమ్ముడూ, ముందు ట్రాన్స్‌మిషన్ ఆపేయి. ఫిల్టర్ పెట్టేదాకా తీగ కలపొద్దు. ఈ మాట కోపంతో చెప్పడం లేదు.

ఆ పిన్నులోంచి వచ్చేది స్క్వేర్ వేవ్, నున్నటి అల కాదు. అందులో నువ్వు పంపుతున్నాననుకునే 14.0971తో పాటు దాని మూడింతలు, ఐదింతలు, ఏడింతలు కూడా ఉంటాయి. అంటే 42.29, 70.49, 98.68. చివరిది ఎఫ్‌ఎం బ్యాండ్‌లో పడుతుంది. నమ్మకం కుదరకపోతే ఇలా చూడు. పిన్నుకి జానెడు తీగ ముక్క మాత్రం ఉంచి, పక్కన ఎఫ్‌ఎం రేడియో పెట్టి 98.7 దగ్గర స్టేషన్ లేని చోట హోరు వచ్చేలా తిప్పు. ట్రాన్స్‌మిషన్ మొదలవగానే ఆ హోరు టక్కున ఆగిపోతుంది. మాటా పాటా ఏమీ రాదు, ఉత్త నిశ్శబ్దం. 110 సెకన్లయ్యాక హోరు మళ్లీ వస్తుంది. ఆ నిశ్శబ్దం నీ సిగ్నలే. అది నీ గదిలో ఉంటే సరే, కొబ్బరిచెట్టెక్కి ఊరి మీదికి పోకూడదు. మనకు లైసెన్సు ఇచ్చింది మన బ్యాండ్ వరకే.

ఇక అసలు జబ్బు. పవర్ కాదు, గడియారం. నువ్వు విన్నది రాత్రి పదకొండింటికి. అప్పుడు ఫోన్ ఇంట్లో ఉంది, నెట్ ఉంది, రాస్ప్‌బెర్రీ పై తన టైము సరిచేసుకుంది. పగలు సంగతేంటి? పై 3లో సొంత గడియారం లేదు. కరెంటు పోతే, ఆఖరున రాసిపెట్టుకున్న టైము దగ్గర్నుంచి మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. ఇరవై నిమిషాలు కరెంటు లేకపోతే కనీసం ఇరవై నిమిషాలు వెనకబడుతుంది. నిమిషాల తేడా ఎలా ఉన్నా, సెకన్లు కుదరవు కదా. విస్పర్ వినేవాడు సరి నిమిషం దాటిన ఒక సెకనుకి మొదలయ్యే సిగ్నల్ కోసమే చూస్తాడు. రెండు సెకన్లకి మించి తేడా వస్తే డీకోడ్ కాదు. మన టైముకీ ప్రపంచమంతా వాడే యూటీసీ టైముకీ తేడా ఐదున్నర గంటలు కాబట్టి సరి నిమిషం ఇక్కడా సరి నిమిషమే, ఆ లెక్కలో ఇబ్బంది లేదు.

అంటే నువ్వు పంపే 14 మెగాహెర్ట్జ్, అదే 20 మీటర్ల బ్యాండ్, దూరాలకి తెరిచి ఉండే పగలంతా నీ గడియారం తప్పు. గడియారం సరయ్యే రాత్రి పదకొండింటికి ఆ బ్యాండ్ నిద్రకి పోతోంది. రెండూ కలిసిన టైము నీకు రోజులో దొరకట్లేదు. పగలు కరెంటు పోయొచ్చాక ఎవరిచేతైనా టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్ కొట్టించు. సింక్రనైజ్డ్ ఎదురుగా నో అని వస్తుంది. డీఎస్ 3231 గడియారం మాడ్యూల్ ఒకటి పెట్టు, నెట్ లేకపోయినా నెల రోజుల్లో ఐదారు సెకన్లకి మించి తప్పదు. రోజూ రాత్రి నీ ఫోన్ వచ్చి దాన్ని సరిచేస్తూనే ఉంటుంది.

యాంప్లిఫయర్ ఆలోచన మానుకో. ఈ పద్ధతి రాసిన జో టేలర్ రేడియో ఖగోళ శాస్త్రవేత్త, జంట పల్సర్‌ని (రేడియో తరంగాలు పంపే ఒక రకం నక్షత్రం) కనిపెట్టినందుకు 1993లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నవారిలో ఒకరు. నక్షత్రాల నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ వెతికిన మనిషి 2008లో మనకిచ్చిన పరికరం ఇది. మొత్తం సందేశం 50 బిట్లు: కాల్‌సైన్, లొకేటర్, పవర్, అంతే. తప్పులు సరిదిద్దుకోవడానికి అదనపు బిట్లు కలిపి, దాన్ని 162 ముక్కలుగా నింపాదిగా, 6 హెర్ట్జ్ వెడల్పులో పంపుతుంది. హోరు కింద మునిగిపోయి మనిషి చెవికి అందనిదాన్ని కూడా కంప్యూటర్ పట్టుకుంటుంది. 10 మిల్లీవాట్లు దానికి చాలు.

లొకేటర్ కూడా మార్చు. 82 డిగ్రీల రేఖాంశం అమలాపురాన్ని ఆనుకుని పోతుంది. దానికి తూర్పున ఉన్న మా ముమ్మిడివరం ఎన్‌కే 16. పడమటనున్న రాజోలు ఎన్‌కే 06.

1996 నవంబరు 6 తుఫాను నాకు బాగా గుర్తు. తోటలన్నీ పడుకున్నాయి, కరెంటు స్తంభాలు పోయాయి, ఫోన్లు మూగబోయాయి. గోదావరి లంకలో ఉన్న మా అన్నయ్య వాళ్లు బతికున్నారని తెలియడానికి మూడు రోజులు పట్టింది. నేను ఆ తర్వాతే లైసెన్సుకి చదివాను. మన డెల్టాలో నీలాంటి కుర్రాడు ఒక్కడు తయారైతే నాకెంత సంతోషమో చెప్పలేను. అందుకే ఇంత రాశాను.

కొత్తగావచ్చా:

మా అబ్బాయికి పదమూడేళ్లు. వాడి దగ్గరా ఈ పై ఉంది. 10 మిల్లీవాట్లే కదా, లైసెన్సు లేకుండా పెట్టుకోవచ్చా అండీ?

ముమ్మిడివరం మాష్టారు:

వద్దండీ. పవర్ ఎంత తక్కువైనా లైసెన్సు ఉండాల్సిందే. పన్నెండేళ్లు నిండితే లైసెన్సు పరీక్ష రాయొచ్చు, ప్రభుత్వ సరళ్ సంచార్ పోర్టల్లో అప్లై చేయించండి. ఈలోపు వాడిచేత వినిపించండి, వినడంలోనే సగం చదువు వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: అది పై 5 అయితే ఇక్కడ చెప్పిన పద్ధతి పనిచేయదు. అందులో పిన్నులన్నీ వేరే చిప్ చేతిలో ఉంటాయి.

వశిష్ఠగట్టు:

మాష్టారూ, పాదాభివందనం. తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను.

మీరు చెప్పిన రోజే తీగ ఊడదీశాను. పగలు కరెంటు పోయొచ్చాక చెల్లి చేత కమాండ్ కొట్టించాను. ఆయ్, నో అనే వచ్చిందండి. టైము పద్నాలుగు నిమిషాల చిల్లర వెనక ఉంది.

ఫిల్టర్‌కి మూడు పసుపు రింగులు, టీ 37-6. ఎనామిల్ రాగి తీగ మోటారు వైండింగ్ షాపులో ఊరికే ఇచ్చారు. అటూ ఇటూ 16 చుట్లు, మధ్యదానికి 17. మొదటిసారి లెక్క తప్పాను. రింగు బయట కనిపించే చుట్లు కాదట, లోపలి నుంచి తీగ ఎన్నిసార్లు దూరితే అన్ని చుట్లు. నా వేళ్లకి ఆ రింగు ఆగట్లేదు, వేరుశెనగ గింజంత ఉంది. చివరికి అమ్మ చుట్టింది. ఆవిడ మల్లెమాల కట్టినట్టు ఒక చుట్టు పక్కన ఒక చుట్టు, ఎక్కడా ఎక్కకుండా వేసింది. కెపాసిటర్లు చివరల్లో 180, లోపల 390 పికోఫారడ్లు. తీగ కొసల్లో ఎనామిల్ బ్లేడుతో గీకకుండా సోల్డర్ చేసి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను, అది కూడా రాస్తున్నాను, వెనకొచ్చేవాళ్లకి పనికొస్తుంది.

ఎఫ్‌ఎం పరీక్ష చేశాను. ఫిల్టర్ లేకుండా 98.7 దగ్గర హోరు ఆగింది. ఫిల్టర్ పెట్టి దాని అవతలి కొసకి అదే తీగ ముక్క తగిలిస్తే హోరు అలాగే ఉంది. గడియారం మాడ్యూల్ పెట్టాను. పది నిమిషాలకోసారి మాత్రమే పంపుతున్నాను.

నిన్న ఆదివారం సాయంత్రం 5 గంటల 42 నిమిషాలకి పంపిన సిగ్నల్‌ని పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక స్టేషన్ వింది. మైనస్ 26 డీబీ, అంటే హోరు కంటే బాగా కింద. ఆరున్నర వేల కిలోమీటర్లు చూపిస్తోంది. మ్యాప్‌లో మా గట్టు దగ్గర్నుంచి సముద్రం మీదుగా గీత పడింది. అమ్మని పిలిచి చూపించాను. "నేను చుట్టిన తీగలోంచేనా?" అని అడిగింది.

చెరువుగట్టు గారూ, డైపోల్ ఎత్తు తొమ్మిది మీటర్లండి.

ముమ్మిడివరం మాష్టారు:

అమ్మగారికి నా నమస్కారం చెప్పు. రాత్రుళ్లు కూడా కావాలంటే 40 మీటర్ల బ్యాండ్‌కి ఇంకో డైపోల్ కట్టు, ఒక్కో వైపు 10 మీటర్ల 15 సెంటీమీటర్లు. దానికి ఫిల్టర్ వేరే ఉండాలి, ఇది పనికిరాదు. ఆ లెక్కలు రేపు రాసి పెడతాను. మన ఉప్పుగాలికి సోల్డర్ జాయింట్లు ఆరు నెలల్లో పచ్చబడిపోతాయి, ఇప్పుడే టేపు చుట్టి పైన గ్రీజు రాయి. ఉరుములు వినపడితే ఫిల్టర్ దగ్గర తీగ ఊడదీసి బయట పడేయి. నువ్వు షాపులో ఉంటే ఆ పని చెల్లికి నేర్పు.